జామపండులోకి పురుగు ఏ దారిన వచ్చింది?



మన హాస్టల్ వెనక జామచెట్ల కింద రాలిన పండు ఒకటి తీసి చూడండి. పైన నున్నగా, పసుపుపచ్చగా, చూస్తేనే నోరూరేలా ఉంటుంది. కొరికితే లోపల తెల్లటి పురుగులు గిజగిజలాడుతుంటాయి. బయటినుంచి తొలిచిన రంధ్రం మాత్రం ఎక్కడా కనపడదు. కాకరకాయ, బీరకాయ కూడా అంతే. తలుపులేని ఇంట్లోకి దొంగ ఎలా దూరాడు?

మా ఊళ్ళో ముసలివాళ్ళని అడిగితే పండులో పురుగు దానంతటదే పుడుతుందంటారు. వాననీరు లోపలికి దిగితే పురుగు పడుతుందని ఇంకొందరంటారు. వానకీ పురుగుకీ సంబంధం ఉన్నమాట నిజమే గానీ అది వాళ్ళనుకునే సంబంధం కాదు. దాని సంగతి కొంచెం ఆగి చెప్తాను.

ఈ వ్యాసం ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. పోయిన వానాకాలం మన తోటలో కాసిన కాకర, బీరల్లో దాదాపు సగం పారబోశాం. వంట అక్క రోజూ కాయలు కోసి, పుచ్చువి ఏరి పక్కన పెట్టేసరికి కూరకు చాలినన్ని మిగిలేవి కావు. ఆ రోజుల్లో నీళ్ళపప్పుతోనే తిన్న సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. అందుకని ఈసారి పంటకు గట్టి మందు తెచ్చి వారం వారం కొట్టించాలని మాట నడుస్తోంది. మన కూర బాగుండాలనే పెద్దలు ఆ ఆలోచన చేశారు. కానీ ఆ మందు ఈ పురుగుకు ఎందుకు తగలదో, తగిలే దారులు ఏవో తెలుసుకున్నాక నిర్ణయం చేస్తే బాగుంటుందని వార్డెన్ గారికి నా మనవి. కొంచెం పొడుగైంది, రెండు చార్టులు పట్టింది. ఓపిగ్గా చదవండి.

హార్లిక్స్ సీసాలో చూసిన సంగతి

జులై నెలలో నేనూ, మా పక్కమంచం మిత్రుడూ కలిసి ఒక పరీక్ష చేశాం. ఖాళీ హార్లిక్స్ సీసాలో మూడు వేళ్ళ ఎత్తు తడి ఇసుక పోసి, దానిమీద రాలిన జామపండు ఒకటి పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టాం. సీసా కిటికీలో పెట్టాం. మొదటి రెండు రోజులు ఏమీ లేదు, పండు మెత్తబడి వాసన మాత్రం వేసింది. పక్క మంచాలవాళ్ళు తిట్టారు కూడా.

నాలుగో రోజు పొద్దున సీసాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. ఏమిటా అని చూస్తే పురుగులు ఎగురుతున్నాయి! కాళ్ళు లేవు, రెక్కలు లేవు, అయినా ఎగురుతున్నాయి. పురుగు తన నోటిని తోకకు కలిపి ఉంగరంలా వంగుతుంది. ఒక్కసారి వదిలిపెట్టేసరికి విల్లు వదిలినట్టు జానెడు దూరం పడుతుంది. అలా గెంతి గెంతి ఇసుకలోకి దూరిపోయాయి. సాయంత్రానికి పండులో ఒక్కటి కూడా లేదు.

తర్వాత ఇసుక జల్లించి చూస్తే చిన్న చిన్న పీపాల్లాంటి గింజలు దొరికాయి. వరిగింజకన్నా చిన్నవి, లేత గోధుమరంగు. ఇవే ప్యూపాలు, అంటే పురుగు నిద్రపోయే గూళ్ళు. ఒక్క పండులోంచి 37 లెక్కపెట్టాం. వాటిని మళ్ళీ ఇసుకలో కప్పి ఉంచితే పది రోజులకు గుడ్డ కింద ఈగలు తిరుగుతూ కనిపించాయి. రెండు గూళ్ళలోంచి మాత్రం ఈగలు రాలేదు, చీమంత కందిరీగలు వచ్చాయి. ఆ కందిరీగల్ని మరిచిపోకండి, మళ్ళీ వాటి పని ఉంది.

దొంగ పేరు పండు ఈగ

ఈ ఈగ ఇంట్లో వాలే ఈగంత ఉంటుంది, కానీ చూపుకి కందిరీగలా కనిపిస్తుంది. నడుము సన్నం. వీపుమీద పసుపు చారలు. జామ, మామిడి మీద వాలేదానికి కడుపుమీద ఇంగ్లీషు టి అక్షరంలాంటి నల్లగీత ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని బాక్ట్రోసెరా డోర్సాలిస్ అంటారు. కాకర, బీర, సొర, దోస, పొట్ల పాదుల మీదికి వచ్చేది దాని దగ్గర చుట్టం. ఒళ్ళు కొంచెం ఎర్రగా ఉండి రెక్కలమీద మచ్చలుంటాయి. ఇద్దరి వృత్తీ ఒకటే, ఇళ్ళు వేరు.

ఒక్కమాట. మగ్గిన అరటిపండు చుట్టూ తిరిగే నలుసులాంటి ఎర్రకళ్ళ ఈగ వేరు. దాన్ని కూడా పుస్తకాల్లో ఫ్రూట్ ఫ్లై అనే రాస్తారు. మోర్గాన్ అనే శాస్త్రజ్ఞుడు దానిమీద పరిశోధన చేసి 1933లో నోబెల్ బహుమతి తీసుకున్నాడు. ఆ ఈగ కుళ్ళిన పండుమీద బతుకుతుంది, మనకు పెద్ద నష్టం లేదు. మన దొంగ మాత్రం బాగున్న పండునే కుళ్ళబెడుతుంది.

ఆడ ఈగ తోక చివర సూదిలాంటి గొట్టం ఉంటుంది. పక్వానికి వస్తున్న కాయమీద వాలి, అటూ ఇటూ నడిచి, నచ్చిన చోట ఆ సూదిని తొక్క కిందికి గుచ్చి గుడ్లు పెడుతుంది. ఆసుపత్రిలో మనకు సూది వేశాక చోటు కనపడుతుందా? ఇదీ అంతే. జాగ్రత్తగా చూస్తే ఆవగింజలో సగమంత మచ్చ, ఒక్కోసారి అక్కడ జిగురు బొట్టు కనిపిస్తాయి. లేత కాకరకైతే గుచ్చినవైపు ఎదుగుదల ఆగి కాయ వంకర తిరుగుతుంది. ఒకటి గుచ్చిన చోటే ఇంకొకటి వచ్చి పెట్టడం కూడా ఉంది. గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగిలి పురుగులు గుజ్జు తింటూ లోపలికి పోతాయి. వారం రోజుల్లో ఒళ్ళు చేసి, పండు రాలగానే బయటికి గెంతి, మట్టిలో రెండు మూడు వేళ్ళ లోతున గూడు కట్టుకుంటాయి. ఎండాకాలం, వానాకాలం అయితే గుడ్డునుంచి ఈగ దాకా మూడు వారాలు సరిపోతుంది. ఒక ఆడ ఈగ తన బతుకులో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. లెక్కలు బాగా వచ్చినవాళ్ళు మూడు తరాలకు ఎన్నవుతాయో వేసి చూడండి, భయం వేస్తుంది.

ఇక వాన సంగతి. తొలకరి పడ్డాక నేల మెత్తబడి చెమ్మగా ఉంటుంది, గూడులోని పురుగు ఎండిపోకుండా బతుకుతుంది. గాలిలో తేమ ఉంటే ఈగ ఎక్కువరోజులు బతుకుతుంది. అదే సమయానికి జామ, కాకర, బీర కాపుకి వస్తాయి. అందుకే వానాకాలపు జామ పుచ్చు, చలికాలపు జామ మేలు. మామిడిలో కూడా ముందు కోతకొచ్చే కాయకన్నా తొలకరి చినుకులు పడ్డాక మిగిలిన ఆఖరి కాయకే పురుగు ఎక్కువ. వాననీరు లోపలికి దిగడం వల్ల కాదన్నమాట.

మందు ఎందుకు తగలదు?

ఇప్పుడు దీని బతుకులో ఏది ఎక్కడ ఉంటుందో చూడండి. గుడ్డు తొక్క కింద. పురుగు గుజ్జు లోపల. గూడు మట్టిలో. పైనుంచి కొట్టిన మందు ఈ మూడింటిలో ఒక్కదానికీ తగలదు. కాయలోపలికి ఇంకే మందు అయితే పురుగుకు తగులుతుంది గానీ, అది మన కంచంలోకి కూడా వస్తుంది. కాకర, బీర రెండు మూడు రోజులకోసారి కోస్తాం. కొట్టిన మందు విషం తగ్గడానికి పట్టే రోజులు ఆగితే కాయ ముదిరిపోతుంది, ఆగకపోతే విషం తింటాం. జామ సంగతి చెప్పనక్కర్లేదు. మన చిన్న తరగతులవాళ్ళు చెట్టెక్కి కోసి అక్కడే లాగుకి తుడుచుకుని తింటారు.

మిగిలింది ఎగిరే ఈగ. అదైనా పాదుమీద ఉంటుందా అంటే ఉండదు. ఇది చదివినప్పుడు నాకు భలే ఆశ్చర్యమేసింది. కాకర, బీర మీదికి వచ్చే ఈగ రాత్రంతా, పగలు కూడా చాలాసేపు, పాదులో ఉండదు. పక్కనున్న మొక్కజొన్న, ఆముదం లాంటి ఎత్తైన మొక్కల ఆకుల కింద కూర్చుంటుంది. గుడ్లు పెట్టే పని ఉన్నప్పుడే పాదులోకి వచ్చి, పని కాగానే పోతుంది. ఈ సంగతి హవాయి దీవుల్లో 1950లలోనే గమనించి రాశారు. అంటే మనం పాదంతా తడిసేలా మందు కొడుతుంటే దొంగ గట్టుమీద ఆముదం చెట్టు కింద కూర్చుని చూస్తుంటుందన్నమాట. ఆ మందుకు చచ్చేది ఎవరయ్యా అంటే తేనెటీగలు. కాకర, బీరల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగ లేకపోతే పిందె నిలవదు. పురుగు తినగా మిగలాల్సిన కాయ కూడా అలా పోతుంది.

కాబట్టి పురుగు కాయలో ఉండగా దాన్ని పట్టుకోవాలనుకోవడం దండగ. అది కాయలో లేని చోట్ల కాపు వెయ్యాలి. నేల మీద, గట్టు మీద, గాలిలో.

రాలిన కాయే విత్తనం

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది, ఖర్చు కూడా లేనిది. మనలో చాలామంది పుచ్చు జామకాయను ఏం చేస్తారు? సగం కొరికి, ఛీ అని గోడవతలికి విసిరేస్తారు. వంటింటి పుచ్చు కాకరకాయలు ఎరువు గుంటలో పడతాయి. గోడవతల నేల మెత్తగా ఉంటుంది, ఎరువు గుంట ఇంకా మెత్తన. మూడు వారాల్లో ఒక్కో పండునుంచి పదులకొద్దీ ఈగలు లేచి మళ్ళీ మన తోటకే వస్తాయి. పొరుగూరినుంచి రావడం లేదు, మనమే పెంచుతున్నాం.

రాలినవాటిని, పుచ్చువాటిని ఏరోజుకారోజు ఏరాలి. మర్నాటికి వాయిదా వేస్తే పురుగు గెంతి మట్టిలోకి పోతుంది, ఏరినా ఉత్త తొక్కే దొరుకుతుంది. ఏరినవాటిని మందపాటి నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి వారం పది రోజులు ఎండలో పడెయ్యాలి. లోపల వేడికి పురుగులు ఉడికిపోతాయి. ముసురు పట్టి ఎండ లేకపోతే రెండడుగుల లోతు గొయ్యి తీసి పూడ్చి మట్టి గట్టిగా తొక్కాలి. పైపైన పూడిస్తే ఈగ మట్టి తోసుకుని పైకి వచ్చేస్తుంది. ఊళ్ళో ఇంటిదగ్గరైతే పందులకు వేస్తారు, అదీ మంచి పద్ధతే. చెట్టు కింద మట్టిని అప్పుడప్పుడు పారతో కదిలిస్తే గూళ్ళు పైకొచ్చి ఎండకు ఎండుతాయి, కోళ్ళు ఏరుకు తింటాయి. మా ఇంట్లో కోళ్ళు మామిడిచెట్టు కింద పొద్దంతా ఎందుకు కాళ్ళతో గీరుతాయో ఇప్పుడు అర్థమైంది.

సీసాలో వచ్చిన చీమంత కందిరీగలు గుర్తున్నాయా? అవి పండు ఈగ గుడ్లలోనో పురుగులోనో తమ గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పురుగును లోపలినుంచి తినేస్తాయి. అంటే మన తరఫు సైన్యం. పుచ్చుకాయల్ని కాల్చితే, పూడిస్తే ఈ సైన్యం కూడా పోతుంది. హవాయిలో దీనికొక ఉపాయం చేశారు. పుచ్చుకాయల్ని చిన్న గుడారంలో వేస్తారు. గుడారం పైన సన్నటి వల ఉంటుంది. ఆ వల కన్నాల్లోంచి కందిరీగ దూరి బయటికి పోగలదు, ఈగ పోలేదు. ఈగలు లోపలే చస్తాయి, కందిరీగలు తోటకు తిరిగి వెళ్తాయి. చిరుగుల్లేని పాత దోమతెరతో మనం కూడా ఒకటి కట్టి చూడొచ్చు. అయితే అడుగున ప్లాస్టిక్ పట్టా తప్పకుండా పరవాలి, లేకపోతే పురుగులు నేలలోకి దిగి గుడారం బయట తేలతాయి.

కాయకు చొక్కా

సూది గుచ్చకుండా చెయ్యాలంటే కాయకు చొక్కా తొడగడమే. పాత వార్తాపత్రికను రెండు మడతలుగా సంచి చేసి, గంజితో అంటించి, పిందెకు తొడిగి, తొడిమ దగ్గర దారంతో కట్టాలి. కాకర, బీరకు పువ్వు వాడిన రెండు మూడు రోజుల్లోనే తొడగాలి, వేలెడు దాటితే ఆలస్యమైనట్టే. జామ గోళీకాయంత ఉన్నప్పుడు చాలు. పందిరి కింద నిలబడి తొడగడం మనకు అరగంట పని, ఆదివారం అయితే ఆటలాంటిది. పెద్ద తోటలో వేల కాయలకు ఇది కుదరదు గానీ మన నాలుగు పందిళ్ళకు దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. గట్టి వానకు కాగితం చిరిగితే మళ్ళీ తొడగాలి, అదొక్కటే చికాకు.

సెంటు కొట్టుకునే మగ ఈగలు

ఇంగ్లీషువాళ్ళ కాలంలో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ హౌలెట్ అనే శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. పొరుగాయన ఒకరు దోమలు రాకుండా రుమాలుకు సిట్రొనెల్లా నూనె రాసుకుంటే దోమల మాటేమోగానీ ఈగలు వచ్చి మూగాయట. హౌలెట్ పట్టి చూస్తే అన్నీ పండు ఈగలు, అందులోనూ మగవే. ఈ విషయం 1912లో రాశాడు. ఆ నూనెలో ఈగను లాగేది ఏదో వెతుక్కుంటూ పోయి 1915లో మిథైల్ యూజినాల్ అనే పదార్థాన్ని పట్టుకున్నాడు. ఈనాడు ప్రపంచమంతా మామిడితోటల్లో వేలాడే ఎరబుట్టలకు మూలం మన దేశంలో ఒక రుమాలు!

మగ ఈగలకు ఈ వాసనంటే ఎందుకంత పిచ్చి? అవి ఆ పదార్థాన్ని నాకి, ఒంట్లో మార్చుకుని, సాయంకాలం ఆడ ఈగల్ని పిలిచే సువాసనగా వదులుతాయి. దాన్ని తిన్న మగవాటికే ఆడవి ఎక్కువగా జత కడతాయని తేలింది. సంతకు పోయేముందు సెంటు కొట్టుకునే మన అన్నల్ని తలచుకోండి.

తులసిలో కూడా ఈ పదార్థం ఉంది. నలిపిన తులసాకులు కొబ్బరిచిప్పలో వేసి జామకొమ్మకు కట్టి చూశాం. అరగంటలో ఏడు ఈగలు వచ్చాయి. ఒక్కదానికీ తోకసూది లేదు, అన్నీ మగవే. కేరళలో రైతులు ఇలా తులసి చిప్పలు పెడతారు. ఆకు వాడిపోతే వాసన పోతుంది, రోజూ మార్చాలి.

పెద్ద తోటలకు చెక్కముక్కల పద్ధతి ఉంది. ఆల్కహాలు 6 పాళ్ళు, మిథైల్ యూజినాల్ 4 పాళ్ళు, మలాథియాన్ 1 పాలు కలిపి, అందులో చిన్న ప్లైవుడ్ ముక్కల్ని రెండు రోజులు నానబెట్టి, కన్నాలు చేసిన సీసాల్లో వేలాడదీస్తారు. కోతకు రెండు నెలల ముందే కట్టాలి. మందు ముక్కలోనే ఉంటుంది, కాయమీద పడదు. అయితే ఆ ముక్కల్ని పిల్లలు తాకరాదు. మందు సంగతి అటుంచి, మిథైల్ యూజినాల్‌నే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. పెద్దవాళ్ళే చేతికి తొడుగు వేసుకుని కట్టాలి.

ఇక్కడ రెండు సంగతులు తెలియకపోతే డబ్బు దండగ. మొదటిది, మామిడి, జామ ఈగకు పనిచేసే ఈ వాసన కాకర, బీర ఈగకు పనిచెయ్యదు. దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర కొనాలి. కాకర పందిరికి మామిడి ఎర కట్టి ఈగలు పడలేదని ఎరనే తప్పుపట్టే రైతులున్నారు. రెండోది, ఒక మగ ఈగ చాలా ఆడవాటితో జత కడుతుంది. సగం మగవాటిని పట్టినా మిగిలిన సగం చాలు సంతానానికి. దాదాపు అన్నిటినీ పట్టాలంటే ఒక్క చెట్టుకి, ఒక్క తోటకి కడితే లాభం లేదు, ఊరంతా కట్టాలి. పసిఫిక్ సముద్రంలో రోటా అనే చిన్న దీవిలో 1960లలో అలాగే చేశారు. ఎర, మందు పీల్చిన ముక్కల్ని విమానంలోంచి దీవంతా మళ్ళీ మళ్ళీ జారవిడిచారు. మగవి లేక ఆ దీవిలో ఈ ఈగే అంతరించింది.

ఆడ ఈగను లాగే ఎర వేరు. గుడ్లు తయారవడానికి దానికి మాంసకృత్తులు కావాలి. ఆకులమీది పిట్టరెట్టలు, ఆకులమీద పెరిగే సూక్ష్మజీవులు నాకి బతుకుతుంది. అందుకే ఈస్ట్ వాసన ఉన్న ఎర పెడితే ఆకలిమీద వచ్చి పడుతుంది. కొన్ని దేశాల్లో బీరు ఫ్యాక్టరీల మడ్డితో ఎర చేస్తారు. మనకు కల్లుమడ్డి ఉంది గానీ హాస్టల్లో ఆ మాటెత్తితే వార్డెన్ గారు ఊరుకోరు! ఎరలో కొంచెం మందు కలిపి, పాదు జోలికి పోకుండా గట్టుమీది మొక్కజొన్న ఆకుల కింద అక్కడక్కడ చల్లితే సరిపోతుంది. దొంగ కూర్చునే చోటు అదే గదా.

చీమలున్న చెట్టు

మామిడాకుల్ని కలిపి కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాయ కోసేటప్పుడు కుడితే ప్రాణం పోయినట్టుంటుంది. అందుకే కోతకు ముందు గూళ్ళకు నిప్పు పెడతారు. కొండ ఊళ్ళలో వీటిని నూరి పచ్చడి చేసుకుంటారు కూడా. ఒడిశా సిమిలిపాల్ అడవి ప్రాంతపు చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీమల పచ్చడి అని ఎవరైనా వెక్కిరిస్తే ఈ మాట చెప్పండి.

ఈ చీమలు పండు ఈగకు కూడా శత్రువులే. 2003లో మన ఆసియా ఈగ ఆఫ్రికా ఖండంలో కెన్యాలో కనిపించి, అక్కణ్ణుంచి దేశదేశాల మామిడిని పాడుచేసింది. బెనిన్ దేశంలో పరిశోధకులు తోటల్ని పోల్చి చూసి 2007లో ఒక సంగతి రాశారు. ఈ జాతి చీమలు ఎక్కువగా ఉన్న చెట్ల కాయల్లో పురుగు బాగా తక్కువ. చీమ ఈగను పట్టుకోవడం కొంత. అంతకన్నా ఎక్కువ పనిచేసేది చీమలు కాయమీద నడిచి వదిలిన వాసన. చీమ లేకపోయినా ఆ వాసన ఉన్న కాయమీద గుడ్లు పెట్టడానికి ఈగ జంకుతుంది. చైనాలోనైతే క్రీ.శ. 304 ప్రాంతంలో రాసిన పుస్తకంలోనే నారింజ తోటల రక్షణకు ఈ చీమల గూళ్ళను సంచుల్లో పెట్టి అమ్మేవారని ఉంది. అంటే 1700 ఏళ్ళ కిందటి పద్ధతి.

చీమలవల్ల చిక్కు లేదనను. అవి పిండినల్లిని కాపాడి, దాని తీపి నాకుతాయి. కోసేవాళ్ళని కుడతాయి. కాబట్టి అన్ని చెట్లకీ కాకపోయినా, ఎక్కి కొయ్యని ఎత్తు చెట్లమీదైనా గూళ్ళు కాల్చకుండా వదలమని వేసవి సెలవుల్లో మా అయ్యకు చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత రెండు చెట్లు వదిలాడు.

ఇంట్లో వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. సంతలో బేరగాడు ఒక్క మామిడిపండు కోసి చూస్తాడు. అందులో పురుగు కనపడితే కావిడి మొత్తానికీ ధర దించేస్తాడు. దేశాల మధ్య కూడా ఇదే బేరం. పండు ఈగలాంటి పురుగులు దొరికాయని 2014 మే 1 నుంచి ఐరోపా దేశాలవాళ్ళు మన మామిడిని, కాకర, పొట్ల, వంకాయ, చేమలను రానివ్వలేదు. మామిడికి 2015లో మళ్ళీ తలుపు తీశారు.

దీనికి ఎదురు కథ జపానుది. అక్కడ ఒకినావా దీవుల్లో కాకరకాయ ఇష్టంగా తింటారు. కానీ కాకర ఈగ ఉన్నందువల్ల ఆ కాయల్ని జపాను ప్రధాన భూభాగానికి పంపనిచ్చేవారు కాదు. వాళ్ళు ఈగల్నే ఫ్యాక్టరీలో పెంచారు! గూడు దశలో వాటికి గామా కిరణాలు తగిలిస్తే మగవి బతుకుతాయి, జత కడతాయి, కానీ సంతానం కలగదు. అలాంటి ఈగల్ని వారం వారం కోట్లకొద్దీ వదిలారు. ఆడ ఈగ వాటితో జత కడితే గుడ్లు పగలవు. ముందు కుమే అనే దీవిలో 1978కి ఈగ పోయింది, 1993కి అన్ని దీవుల్లోనూ పోయింది. మొత్తం వదిలినవి 5,000 కోట్లకు పైనే. ఆ తర్వాత ఒకినావా కాకరకాయ ఓడెక్కింది. మనం కంచంలో పక్కకు నెట్టే కాకరకాయకోసం ఒక దేశం ఇరవై ఏళ్ళు కష్టపడిందంటే నమ్ముతారా?

మనకు ఫ్యాక్టరీ అక్కర్లేదు. మందు కొనే ముందు ఈ ఒక్క పంటకాలం ఇలా చేసి చూడనివ్వమని వార్డెన్ గారిని, హెడ్మాస్టరు గారిని కోరుతున్నాను. రోజూ సాయంత్రం ఆటల గంట ముందు ఒక్కో గది వంతున రాలిన కాయలు ఏరడం. వంటింటి పుచ్చుకాయలు ఎరువు గుంటలో కాకుండా నల్ల సంచిలో వెయ్యమని వంట అక్కకు చెప్పడం. ఆదివారం పొద్దున పందిళ్ళకు కాగితం సంచులు. పందిరి గట్టున రెండు సాళ్ళు మొక్కజొన్న. కొనాల్సినవి నాలుగు నల్ల సంచులు, కాకర పందిళ్ళకు క్యూల్యూర్ ఎరలు రెండు, అంతే. ఎరలు కట్టే పని పెద్దవాళ్ళది.

పోల్చి చూడ్డానికి ఒక పందిరికి సంచులు తొడగకుండా వదిలేద్దాం. రెండు పందిళ్ళ మంచికాయలు, పుచ్చుకాయలు వేరువేరుగా లెక్క రాసే నోటుబుక్కు వంటింటి కిటికీలో పెన్సిలుతో సహా కట్టి ఉంచాను. కోసినవాళ్ళు తేదీ వేసి రాయండి. ఎనిమిదో తరగతి తమ్ముళ్ళు సంచులు అంటించడానికి పాత పేపర్లు పోగు చేస్తున్నారు, మీ పెట్టెల అడుగున పరిచినవి ఉంటే వాళ్ళకివ్వండి. గంజి సంగతి వంట అక్కతో మాట్లాడాను, శనివారం అన్నం వార్చినప్పుడు ఒక గిన్నె పక్కన పెడతానంది.

– 9వ తరగతి విద్యార్థి